మా ఇంట్లో ఒక్కసారే అడుగుతారు

మా ఇంటికి భోజనానికొచ్చిన మనిషి కడుపు మాడ్చుకుని వెళ్ళిపోయింది. అదీ మా నానమ్మ గరిట పట్టుకుని పక్కనే నిలబడి ఉండగా! ఇంకా విచిత్రం ఏంటంటే, ఆ ఘనకార్యానికి నాకు ఇంటర్నల్స్‌లో ఫుల్ మార్కులు పడ్డాయి. నవ్వకండి, అంతా చెప్తాను. ముందు ఆ సమోసాల ప్లేటు ఇటు జరపండి. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, ఎందుకు తినలేదో కూడా ఈ కథలోనే ఉంది. ఇవాళ్టి టీ, సమోసా రేష్మా ఇప్పిస్తోంది. ఇప్పించాలి కూడా! అదిగో, తల వంచుకుని ఎలా నవ్వుకుంటోందో చూడండి.

మీరంతా ఇంజనీరింగులు వెలగబెట్టినవాళ్ళు కాబట్టి మా చదువు గురించి కాస్త చెప్పాలి. నేనూ రేష్మా చేస్తున్నది ఎంబీయే, ఇంటర్నేషనల్ బిజినెస్. కాలేజీ హైవే దిగాక చేల మధ్యలో ఉంటుంది. గేటు ముందు రకరకాల దేశాల జెండాలు, గేటు పక్కన గేదెలు. క్లాసు రూములకి ఊళ్ళ పేర్లు పెట్టారు: లండన్, న్యూయార్క్, టోక్యో. మేం కూర్చునేది టోక్యోలో. టోక్యోలో ఫ్యాన్ తిరగదు. వానొస్తే లండన్ కారుతుంది. క్యాంటీన్ పేరు 'గ్లోబల్ కిచెన్'. అందులో పొద్దున ఇడ్లీ, సాయంత్రం పొద్దుటి ఇడ్లీతో చేసిన ఉప్మా దొరుకుతాయి. కానీ హోర్డింగు మీద మాత్రం ఒకమ్మాయి కోటు వేసుకుని, భూగోళాన్ని బంతిలా చేత్తో పట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఉంటుంది. ఆ హోర్డింగు చూసే నేను చేరాను.

మా వీధిలో పద్మా ఆంటీ అప్పుడే అడిగింది. "ఇంటర్నేషనల్ బిజినెస్ అంటే ఏంటమ్మా హారికా? ఎయిర్‌పోర్టులో ఉద్యోగమా?"

"కాదాంటీ, వేరే దేశాల్తో వ్యాపారం."

"అలాగా! అయితే ముందు మీ నాన్న షాపులో నాలుగు దుప్పట్లు అమ్మి చూపించు."

ఆవిడ మాటకి అప్పుడు నాకు ఒళ్ళు మండింది. మాది బట్టల వ్యాపారం, తెలుసుగా. మా వాళ్ళది పెడన, అక్కడ మగ్గాలు. తాతయ్య విజయవాడ వచ్చి వన్‌టౌన్‌లో చేనేత షాపు పెట్టాడు, ఇల్లు భవానీపురంలో కట్టాడు. శంకరం బాబాయి వాళ్ళు ఇప్పటికీ పెడనలోనే నేస్తారు. మేం అమ్మే దుప్పట్లు, టవళ్ళు ఎక్కడెక్కడి దేశాలకో వెళ్తాయి. కానీ పంపేది మేం కాదు. మా దగ్గర ఎవరో కొంటారు, వాళ్ళ దగ్గర ఇంకెవరో కొంటారు, ఆ దుప్పటి చివరికి ఎవరి మంచమెక్కిందో మాకు తెలీదు. ఆ కప్పుకునే మనిషితో సూటిగా మాట్లాడేది మా ఇంట్లో నేనే అవ్వాలని నాకో పిచ్చి కోరిక. ఇంతవరకూ నేను చూసిన అతి పెద్ద విదేశం చెన్నై. మీరు నవ్వితే నవ్వండి గానీ, నాకు నిజంగా వెళ్ళాలని ఉండేది. ఆ మాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

సరిగ్గా అప్పుడే కాలేజీకి జర్మనీలోని హాంబర్గ్ నుంచి కబురొచ్చింది. అక్కడ దుప్పట్లూ కర్టెన్లూ అమ్మే ఒక కంపెనీ. వాళ్ళ తరఫున సరుకు కొనే మేనేజరు హెల్గా గారు చేనేత చూడ్డానికి మనవైపు వస్తున్నారట. తిరిగి వెళ్ళేలోపు ఒక స్టూడెంట్‌ని ఇంటర్న్‌షిప్‌కి ఎంచుకుంటారట. ఆర్నెల్లు హాంబర్గ్‌లో! టికెట్టు, బస అన్నీ వాళ్ళవే. కాలేజీ ఇద్దర్ని షార్ట్‌లిస్ట్ చేసింది, నన్నూ రేష్మానీ. శనివారం ఆవిడ నాతో గడపాలి, ఆదివారం రేష్మాతో. ఊరు చూపించాలి, పని చూపించాలి, ఇంట్లో భోజనం పెట్టాలి. ఇంటర్వ్యూ అంటూ వేరే ఏమీ లేదు, ఆ రోజే ఇంటర్వ్యూ.

ఇక్కడ మీకు క్రాస్ కల్చర్ సార్ గురించి చెప్పాలి. దేశదేశాల మర్యాదలు ఆయన సబ్జెక్టు. ఆయన ఒకసారి ప్యాకేజీ టూరులో సింగపూర్ వెళ్ళొచ్చారు, అప్పట్నుంచీ ప్రపంచంలో ఏ దేశం గురించి చెప్పినా ఉదాహరణ సింగపూర్ ఎయిర్‌పోర్టులోంచే వస్తుంది. ఆయన మమ్మల్నిద్దర్నీ టోక్యోలో కూర్చోబెట్టి స్పెషల్ క్లాసు తీసుకున్నారు.

"జర్మన్స్ ఆర్ డైరెక్ట్! వాళ్ళు యెస్ అంటే యెస్, నో అంటే నో. మనలాగా మొహమాటం ఉండదు. నో అన్నాక మళ్ళీ అడిగితే వాళ్ళకి ఇన్సల్ట్. అర్థమైందా? సింగపూర్‌లో ఒకాయన నన్ను కాఫీ తాగుతారా అన్నాడు. నో అన్నాను. అంతే, వెళ్ళిపోయాడు. అదీ కల్చర్!"

అప్పుడాయనకి కాఫీ కావాలో వద్దో మేం అడగలేదు. అడిగుంటే నా బతుకు బాగుపడేది.

రేష్మా ఆ క్లాసులో పెన్నుతో గోళ్ళు గోక్కుంటూ కూర్చుంది. నేను మాత్రం సీరియస్‌గా విన్నాను. ఎందుకంటే నాకు వెంటనే మా ఇల్లు కళ్ళ ముందు కనపడింది. మా ఇంట్లో భోజనం అంటే ఏంటో మీరందరూ చవి చూసినవాళ్ళే కదా! నానమ్మ దగ్గర 'చాలు' అనే మాటకి అర్థం 'ఇంకో రెండు గరిటెలు'. 'వద్దు' అంటే 'నెయ్యి వేసి పెట్టు'. చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డిస్తుంది. కంచం మీదకి వంగి కాపాడుకున్నవాళ్ళకి వీపు వెనకనుంచి అప్పడం వచ్చి పడుతుంది. ఈవిడ చేతిలో జర్మన్ ఆవిడ పడితే నా హాంబర్గ్ గోదాట్లో కలిసినట్టే అనిపించింది. గోదారి దాకా ఎందుకు, మన కృష్ణలోనే.

అందుకని వారం ముందు నుంచీ ఇంట్లో ట్రైనింగ్ పెట్టాను. రూలు ఒక్కటే. ఏదైనా ఒక్కసారే అడగాలి. 'నో థాంక్యూ' అనగానే గరిట వెనక్కి తీసుకుని, నవ్వి, వంటింట్లోకి వెళ్ళిపోవాలి.

"వద్దంటే ఊరుకోవడం ఏంటే?" అంది నానమ్మ. "మొదటిసారి ఎవరైనా వద్దనే అంటారు. ఇంటికొచ్చినామె పెట్టీ పెట్టకముందే పెట్టండి పెట్టండి అంటుందా?"

"నానమ్మా, అది మన దగ్గర. వాళ్ళకి మొహమాటం ఉండదు."

"మనిషన్నాక మొహమాటం లేకుండా ఎలా ఉంటుందే?"

"ఉండదు. సార్ స్లైడులో ఉంది."

రిహార్సల్‌కి నాన్న హెల్గా గారయ్యాడు. లుంగీ, బనియనుతో డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని గంభీరంగా 'నో థాంక్యూ' అన్నాడు. నానమ్మ ఒక్క క్షణం తటపటాయించి, "చాల్లే ఊరుకోరా, ఎప్పుడనగా తిన్నావు" అంటూ కంచంలో వంకాయ పడేసింది. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ వంకాయ. నాన్న అయితే రిహార్సల్‌లోనే కడుపు నిండా తిని లేచాడు. లాభం లేదని జరిమానా పెట్టాను. ఒకసారి బలవంతపెడితే ఒకరోజు సీరియల్ బంద్, టీవీ రిమోట్ నా దగ్గరే. గురువారం వచ్చేసరికి నానమ్మకి ఆ వారమంతా సీరియళ్ళు పోయాయి. శుక్రవారం మాత్రం ఆవిడ 'నో థాంక్యూ' అనిపించుకుని, పళ్ళు బిగపట్టి, గరిటతో సహా వెనక్కి తిరిగింది. నేను చప్పట్లు కొట్టాను. నానమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆనందబాష్పాలనుకున్నాను.

శనివారం పొద్దున్నే హెల్గా గారిని హోటల్లో ఎక్కించుకుని పెడన బయల్దేరాం. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, చేనేత కుర్తా వేసుకుని చక్కగా ఉంది. ఉయ్యూరు దాటేటప్పుడు చక్కెర ఫ్యాక్టరీ వాసన కార్లోకి వస్తే కిటికీ దించి మరీ పీల్చింది. "పొద్దున టిఫిన్ చెయ్యలేదు, మీ ఇంటి భోజనం కోసం కడుపు ఖాళీగా ఉంచుకున్నాను" అంది ఇంగ్లీషులో. నేను "వెరీ గుడ్ ప్లానింగ్ మేడమ్" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

పెడనలో శంకరం బాబాయి గుంటమగ్గం చూపించాడు. ఆవిడ నేల మీద కూర్చుని, గుంటలోకి వంగి, ఆయన కాళ్ళు పెట్టే చోటు కూడా ఫొటో తీసుకుంది. నేను నేర్చుకున్న మాటలన్నీ వరసగా వదిలాను: వాల్యూ చెయిన్, సస్టెయినబుల్, ట్రేసబులిటీ. బాబాయి నా మొహంలోకి చూస్తూ నేస్తున్నాడు. ఇంతలో పిన్ని స్టీలు గ్లాసులో టీ తెచ్చింది. పాలు మరిగి మీగడ కట్టిన టీ!

హెల్గా గారు టీ వైపు చూసి, చేతులు జోడించి, "నో, థాంక్యూ" అంది.

పిన్ని, "అయ్యో, కొంచెమే అండీ, పుచ్చుకో..." అని మొదలుపెట్టింది. నేను చటుక్కున అడ్డం వెళ్ళాను. "పిన్నీ! వద్దన్నారుగా. లోపల పెట్టెయ్." పిన్ని నావైపు అదోలా చూసి గ్లాసు వెనక్కి తీసుకెళ్ళింది. తర్వాత బాబాయి కొబ్బరి బొండాలు కొట్టించాడు. హెల్గా గారు మళ్ళీ "నో, థాంక్యూ." నేను మళ్ళీ అడ్డం. రెండు బొండాలూ నేనే తాగాను, వేస్టు చెయ్యకూడదని. ఆవిడ నేను తాగుతున్నంతసేపూ నన్నే చూసింది. ఎండకి మొహమంతా ఎర్రబడిపోయింది పాపం. తెల్లవాళ్ళు కదా, అలాగే ఉంటారులే అనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. అమ్మ తెల్లవారుజామున లేచింది. గుత్తివంకాయ, మామిడికాయ పప్పు, రొయ్యల వేపుడు, పులిహోర, బొబ్బట్లు, గడ్డ పెరుగు. వీధి మొదట్లోకి వచ్చేసరికే రొయ్యల వాసన ఎదురొచ్చింది. హెల్గా గారు కార్లోంచి దాదాపు దూకింది.

జర్మన్లకి అన్నం పారేయడం పెద్ద తప్పని కూడా సార్ చెప్పారు. అందుకని మొదట కంచంలో కొంచెం కొంచెమే పెట్టించాను. ఒక చెంచాడు పులిహోర, ఒక అప్పడం, ఓ పక్కన ఆవగింజంత ఊరగాయ. మిగతావన్నీ అడిగి వడ్డించాలని ప్లాను. ఆవిడ పులిహోర రెండు ముద్దల్లో ఖాళీ చేసింది. అప్పడం ముక్కలు వేలితో అద్దుకుని మరీ తింది. "సూపర్ ఫాస్ట్! జర్మన్ ఎఫిషియన్సీ" అన్నాను నాన్నతో తెలుగులో.

అప్పుడు మొదలైంది అసలు కార్యక్రమం. అమ్మ గుత్తివంకాయ తెచ్చింది. "మేడమ్, బ్రింజాల్ కర్రీ?"

ఆవిడ చిరునవ్వుతో, "నో, థాంక్యూ." అని అమ్మ మొహంలోకి చూస్తూ ఆగింది.

అమ్మ నావైపు చూసింది. నేను కళ్ళతో సైగ చేశాను. వంకాయ వెనక్కి వెళ్ళిపోయింది.

పప్పు వచ్చింది. "నో, థాంక్యూ." పప్పు వెళ్ళిపోయింది. అన్నం వచ్చింది, ఆవిరి కక్కుతూ. "నో, థాంక్యూ." అన్నం వెళ్ళిపోయింది. రొయ్యలు నానమ్మ స్వయంగా తెచ్చింది. హెల్గా గారు రొయ్యల వైపు చూసి, గుటక మింగి, "నో... థాంక్యూ" అంది. ఈసారి ఆ రెండు మాటల మధ్యా చాలా ఖాళీ వదిలింది. ఆ ఖాళీలో నానమ్మ గరిట గాల్లోనే ఆగిపోయింది. నావైపు చూసింది. జన్మలో ఎవర్నీ అంత బతిమాలుతూ చూసి ఉండదు. నేను తల అడ్డంగా ఊపాను. నానమ్మ వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళి, గిన్నె దించి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

"పాపం చేయిస్తున్నావే నాతో" అంది లోపల్నించి. "అన్నం కూడా తినని మనిషిని ఈ ఇంట్లోంచి ఎప్పుడూ పంపలేదే నేను."

నాన్న నా చెవి దగ్గరకొచ్చాడు. "అమ్మడూ, ఆవిడ కళ్ళు వంటింటి గుమ్మం మీదే ఉన్నాయే."

"నాన్నా, దాన్ని ఐ కాంటాక్ట్ అంటారు. జర్మన్లకి చాలా ముఖ్యం."

"గుమ్మంతోనా?"

నేను వినిపించుకోలేదు. చివర్న బొబ్బట్లు వచ్చాయి. నేతిలో కాలుతున్నప్పుడే ఆవిడ ముక్కు అటు తిరిగింది. "అదేం వాసన?" అని అడిగింది. హమ్మయ్య, ఇంట్రెస్ట్ చూపించింది కదా అని నేను రెచ్చిపోయాను. శనగపప్పు గురించి, బెల్లం గురించి, ఉయ్యూరు చెరకు గురించి, ఆ చెరకు సప్లై చెయిన్ గురించి, బొబ్బట్టుని హాంబర్గ్‌కి ఎగుమతి చేస్తే ప్యాకింగ్ ఎలా ఉండాలి అన్నదాని గురించి బొబ్బట్టు ప్లేటు చేత్తో పట్టుకుని ఆవిడ ముక్కు కింద ఉపన్యాసం ఇచ్చాను. అంతా అయ్యాక అడిగాను. "వుడ్ యూ లైక్ వన్?"

"నో, థాంక్యూ" అని నవ్వి, ఆగింది.

"ఓకే!" అని ప్లేటు తీసుకెళ్ళిపోయాను. ఆ ప్లేటు కనుమరుగయ్యేదాకా ఆవిడ దాన్ని చూపులతో సాగనంపింది.

పెరుగు సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ తర్వాత కూడా ఆవిడ లేవలేదు. చెయ్యి ఎండిపోతున్నా, ఖాళీ కంచం ముందు అలాగే కూర్చుంది. మా డైనింగ్ హాల్ నచ్చిందేమో అనుకున్నాను. చివరికి నేనే మర్యాదగా వాష్‌బేసిన్ చూపించాను.

తిరిగి హోటల్‌కి దింపడానికి వెళ్తుంటే దార్లో ఆవిడ నెమ్మదిగా అడిగింది. "హారికా, మీ ఇంట్లో ఎవర్నైనా ఏదైనా ఒక్కసారే అడుగుతారా?"

అబ్బ, పట్టేసింది! నా వారం రోజుల కష్టం ఆవిడ కంట్లో పడింది! నాకు గుండె పొంగిపోయింది. "యెస్ మేడమ్. ఇండియాలో చాలామంది బలవంతం చేస్తారు. మా ఫ్యామిలీ అలా కాదు. వీ రెస్పెక్ట్ ఇండివిడ్యువల్ చాయిస్."

"ఇంట్రెస్టింగ్" అంది. వన్‌టౌన్ దగ్గర అరటిపళ్ళ బండి కనపడగానే కారు ఆపమంది. దిగి, ఒక హస్తం మొత్తం కొని, బండి పక్కనే నిలబడి ఒకదాని తర్వాత ఒకటి వలిచి తినడం మొదలుపెట్టింది. నేనేం చేశానో తెలుసా? ఫొటో తీసి స్టేటస్ పెట్టాను. 'మన లోకల్ మార్కెట్‌ని ఎంజాయ్ చేస్తున్న మా గ్లోబల్ గెస్ట్' అని. మీరంతా లైకులు కూడా కొట్టారు. సిగ్గు లేదూ మీకు?

ఆ సాయంత్రం నేను హాంబర్గ్‌లో చలి ఎంత ఉంటుందో ఫోన్లో చూసుకున్నాను. అమ్మతో స్వెట్టర్ల గురించి మాట్లాడాను. నానమ్మ నాతో మాట్లాడలేదు. మిగిలిపోయిన రొయ్యలు, బొబ్బట్లు పద్మా ఆంటీ వాళ్ళకి పంపింది. ఆంటీ మాత్రం ఒకటికి రెండుసార్లు అడిగి తెప్పించుకుందట.

ఆదివారం మధ్యాహ్నం రేష్మా ఫోన్ చేసింది. వాళ్ళ అబ్బాకి ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపు, మీకు తెలుసుగా. పొద్దున హెల్గా గారికి అవి చూపించి, ఇంటికి తీసుకెళ్ళింది. ఫోన్ ఎత్తగానే, "ఏమేవ్, నిన్న ఆవిడకి అసలు ఏం పెట్టారే మీరు?" అంది.

"ఎందుకే?"

"ఎందుకేంటి! మా అమ్మీ బిర్యానీ వడ్డిస్తే 'నో థాంక్యూ' అంది. అమ్మీ 'అరే, అదేంటండీ, కూర్చోండి కూర్చోండి' అంది. మళ్ళీ 'నో థాంక్యూ' అంది, కానీ నవ్వుతూ. అమ్మీ వింటేగా! ఇంకో పెద్ద గరిటెడు వేసేసింది. హారికా, ఒట్టు, ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయే! మా అమ్మీ చెయ్యి పట్టుకుంది. తర్వాత ఇంక ఆగలేదు తల్లీ. డేగ్చా అడుగు కనపడింది."

"అదేంటే? నో అంటే నో కదా?"

"ఏం నో! ఇండియా వచ్చే ముందు వాళ్ళ కంపెనీలో ట్రైనింగ్ ఇచ్చారట. ఇండియాలో ఎవరైనా తిండి పెడితే మొదటిసారే ఒప్పుకోకూడదు, ఆశపోతు అనుకుంటారు, రెండుసార్లు వద్దని, మూడోసారి అడిగినప్పుడు పుచ్చుకోవాలి అని. పాపం ఆ మూడోసారి కోసం నిన్నంతా ఎదురుచూసిందట! మీ ఇంట్లో రెండోసారే రాలేదటగా?"

నేను మంచం మీద కూలబడ్డాను. పెడన టీ, బొండాలు, వంకాయ, రొయ్యలు, బొబ్బట్లు వరసగా కళ్ళ ముందు నడిచి వెళ్ళాయి, అన్నీ వెనక్కే. వాళ్ళు డబ్బిచ్చి మా గురించి నేర్చుకున్నారు, నేను ఫీజు కట్టి వాళ్ళ గురించి నేర్చుకున్నాను, మధ్యలో బంగారంలాంటి రొయ్యలు చల్లారిపోయాయి. ఆవిడ కడుపు ఖాళీగా ఉంచుకున్నానని పొద్దున్నే చెప్పింది కూడా! నేను 'గుడ్ ప్లానింగ్' అన్నాను!

"నువ్వెందుకు మీ అమ్మీకి ట్రైనింగ్ ఇవ్వలేదే?" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఇద్దామనే అనుకున్నా. అమ్మీ వినదని బద్ధకించాను" అంది ఈ మహాతల్లి. చూశారా, బద్ధకస్తులకి హాంబర్గ్, కష్టపడ్డవాళ్ళకి అరటిపళ్ళ బండి దగ్గర ఫొటో.

అయినా ఆశ చావదు కదా! హోటల్‌కి ఫోన్ చేస్తే అప్పటికే ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయిందన్నారు. సారీ చెప్తూ పెద్ద మెయిల్ రాద్దామని కూర్చున్నాను. 'మేడమ్, మీకు ఆకలేసిందని తెలియక' అని మొదలుపెట్టి, అది ఇంగ్లీషులో ఎలా రాసినా దరిద్రంగానే ఉండటంతో చెరిపేశాను. మా సారేమో "డోంట్ వర్రీ, ప్రోటోకాల్ పర్ఫెక్టుగా ఫాలో అయ్యావు" అన్నారు.

నిన్న రిజల్ట్ వచ్చింది. సార్ టోక్యోలో అందరి ముందూ ఆవిడ మెయిల్ చదివి వినిపించారు. నాకు ప్రతి అక్షరం గుర్తుంది, తెలుగులో చెప్తా వినండి.

'హారిక చాలా ప్రొఫెషనల్. చొరవ చేసి మీద పడకుండా, ఎదుటి మనిషి ఇష్టాన్ని ఎంతో గౌరవిస్తుంది. వాళ్ళింట్లో గడిపిన మధ్యాహ్నం అచ్చం హాంబర్గ్‌లో మా ఇంట్లో గడిపినట్టే ఉంది. అందువల్ల మా దగ్గర ఆమె కొత్తగా నేర్చుకోవడానికి ఏమీ ఉండదని నా అభిప్రాయం. మా ఆఫీసులో అలాంటివాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు. మాకు కావలసింది రేష్మా లాంటి అమ్మాయి.'

నాకు అక్కడే ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. సార్ మాత్రం ఉబ్బితబ్బిబ్బయిపోయారు. "చూశారా! జర్మన్ లేడీయే ఒప్పుకుంది, హారిక జర్మన్ అయిపోయిందని! విజయవాడ దాటకుండానే! ఇది మన డిపార్ట్‌మెంట్ అచీవ్‌మెంట్!" అని నాకు ఇంటర్నల్స్‌లో ఫుల్ మార్కులేశారు. వచ్చే ఏడాది బ్రోషర్లో నా ఫొటో వేస్తారట. చేత్తో భూగోళం పట్టుకోవాలట.

కుళ్ళుకుంటున్నానా అంటే, అవును, కుళ్ళుకుంటున్నాను. రేష్మా వెళ్తోంది, మన రేష్మానే కదా అని సంతోషం కూడా ఉంది. రెండూ ఉన్నాయి. కానీ నిన్న మాత్రం ఇంటికెళ్ళి దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాను. మేం నేసిన దుప్పటే! ఇవాళ పొద్దున పెసరట్టు వాసన వస్తున్నా లేవలేదు. అలిగాను. మా ఇంట్లో నా అలకకి ఒక పద్ధతుంది. నేను వద్దంటాను, అమ్మ బతిమాలుతుంది, నేను అటు తిరిగి పడుకుంటాను, అప్పుడు నానమ్మ ముద్దలు కలుపుకొచ్చి మంచం పక్కన కూర్చుంటుంది. చిన్నప్పట్నుంచీ ఇదే వరస, ఎప్పుడూ తప్పలేదు.

అమ్మ గుమ్మం దగ్గరకొచ్చింది. "హారికా, పెసరట్టు తింటావా?"

"వద్దు" అన్నాను ముసుగులోంచి.

"సరే" అని వెళ్ళిపోయింది.

నేను నమ్మలేదు. ఇంకాస్త చూశాను. ఎవరూ రాలేదు. అవతల నాన్న నా పెసరట్టు కూడా తింటున్న చప్పుడు వినపడింది. మధ్యాహ్నం చేపల పులుసు. ఈసారి నానమ్మే వచ్చింది. హమ్మయ్య అనుకుని, గొంతులో అలక పోకుండా చూసుకుని, "నాకేం వద్దు నానమ్మా" అన్నాను.

నానమ్మ ఒక్క క్షణం నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి, హాల్లోకి వినపడేలా, "నో థాంక్యూ అంటోంది కోడలా, లోపల పెట్టెయ్" అని వెళ్ళి సీరియల్ పెట్టుకుంది.

"ఇండివిడ్యువల్ చాయిస్" అన్నాడు నాన్న.

ట్రైనింగ్ ఇచ్చింది నేనే! అందుకే ఇలా మీ మీద పడ్డాను. అదిగో, ప్లేట్లో ఆఖరి సమోసా ఉంది. రేష్మా, 'తింటావా' అని నన్ను అడుగు. నేను వద్దంటాను. నీకు దణ్ణం పెడతాను, మళ్ళీ అడగవే తల్లీ!